నైరుతి మూల మట్టి

గౌతమ్ తన ఇంటి కింద బోర్లా పడుకుని ఉన్నాడు. వీపుకు జానెడు ఎత్తున నూరేళ్ళ నాటి దూలం, గడ్డం కింద డునెడిన్ ఊరి కొండవాలు బంకమట్టి. తల ఎత్తితే దూలం మొట్టుతుంది. దించితే మట్టి నోట్లోకి వస్తుంది. పొట్టి పారతో ముందున్న మట్టిని గోకాలి, కూతురు అక్షయ పసితనంలో స్నానం చేసిన ప్లాస్టిక్ తొట్టిలోకి దాన్ని నెట్టాలి, తొట్టి నిండాక దానికి కట్టిన తాడు పట్టుకుని, మోచేతుల మీద వెనక్కి పాకుతూ, పడమటి గోడలో ఉన్న చిన్న తలుపు దాకా లాక్కురావాలి. దాన్ని తలుపు అనడం మర్యాద కోసం. కుక్క దూరే కంత అంటే సరిపోతుంది. తొట్టిని బయట గుమ్మరించి మళ్ళీ తల లోపలికి పెట్టాలి. అరపూట ఇలా శ్రమిస్తే పీట వేసుకుని కూర్చునేంత గుంట పడేది. మనిషి భూమిని జయించాడని రాసినవాళ్ళెవరూ దాన్ని పడుకుని తవ్వి ఉండరని అతనికి గట్టిగా తోచింది.

నేలచెక్కల సందుల్లోంచి అత్తగారు మంగాదేవి గొంతు దిగివచ్చింది.

"అల్లుడుగారూ! పెసరట్లు వేస్తున్నాను, పైకి రండి."

"ఇప్పుడేగా అత్తయ్యగారూ ఇడ్లీలు తిన్నాను?"

"అది పొద్దుటి మాట. ఇంటి అల్లుడు మట్టిలో పొర్లాడుతుంటే నేను చేతులు ముడుచుకు కూర్చుంటానా? చూసినవాళ్ళు నా మొహాన ఉమ్మరూ?"

చూసేవాళ్ళంటూ ఎవరూ లేరు. ఎడమ పక్క ఫ్లాట్‌లోని యూనివర్సిటీ పిల్లలు మధ్యాహ్నం దాకా నిద్ర లేవరు. వీధికి అవతల దిగే కొండవాలు, దాని కింద సముద్రపు పాయ. కానీ మంగాదేవి తెనాలి నుంచి ఆరు నెలలకని వస్తూ అల్లుడి మర్యాదను కూడా పెట్టెలో సర్దుకుని తెచ్చుకుంది. ఆమె లెక్కలో అల్లుడు తిన్న కంచం తీయకూడదు, మంచం మీది దుప్పటి మడవకూడదు. ఇక మట్టి తవ్వడమనేది ఆమె మర్యాదల్లో ఊహకైనా రాని నేరం. ఆ నేరాన్ని ఆపలేక, దానికి ప్రాయశ్చిత్తంగా గంట గంటకూ ఏదో ఒకటి వండి పైకి పిలుస్తోంది. పైకి రావడమంటే బట్టలుతికే గదిలో బురద బట్టలు విడిచి, కాళ్ళూ చేతులూ తోముకుని, పొడిబట్టలు కట్టుకుని కూర్చోవడం. తిన్నాక ఆ చల్లటి తడి బట్టల్లోకే మళ్ళీ దూరడం. మట్టి తవ్వడం కంటె మర్యాద పొందడమే అతన్ని ఎక్కువ అలసిపోయేలా చేసింది. వద్దంటే ఆమె కళ్ళు చెమ్మగిల్లుతాయి, తింటే పని చెడుతుంది. గౌరవమనేది ఇచ్చేవారి సుఖం కోసమే పుట్టిందన్న అనుమానం అతనికి పెళ్ళయిన కొత్తల్లో కలిగింది. భూగోళపు దక్షిణ కొసన చలి మొదలయ్యే ఈ మే నెలలో అది సిద్ధాంతమైంది.

ఈ తవ్వకమంతా ఎందుకంటే, ఆ ఇల్లు ఉంటుందా పోతుందా అన్నది దీని మీదే తేలనుంది. శీతాకాలపు ఉదయాల్లో కిటికీ అద్దాలు లోపలివైపు నుంచి ధారలు కట్టి కారతాయి. అలమరలో పెట్టిన చెప్పులకు నెల తిరిగేలోగా పచ్చటి బూజు పడుతుంది. మేజోళ్ళు తొడుక్కున్నా నేలలోని చలి పాదాల్లోంచి మోకాళ్ళ దాకా పాకుతుంది. ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసే శ్రీజ రెండు శీతాకాలాలు ఓర్చుకుంది. మూడోదాని ముందు దూరంగా ఉత్తరాన ఉన్న హామిల్టన్‌లో ఉద్యోగం ఇస్తామన్న కబురు వచ్చింది. అక్కడ రోటోటూనాలో ఆమె పిన్ని కూతురి ఇల్లు కొత్తది, బిస్కెట్ల డబ్బాలా పొడిగా ఉంటుంది. "వాళ్ళకి నెలాఖరులోగా చెప్పాలి. అప్పటికి ఈ నేల కింద చలి రాకుండా ఇన్సులేషన్ వేయిస్తే ఉందాం. లేకపోతే ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదాం. దెబ్బలాటలు వద్దు" అని ఆమె చెప్పింది. న్యాయమైన మాట కావడంతో గౌతమ్‌కు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

ఇన్సులేషన్ కంపెనీ నుంచి వచ్చిన పొడవాటి మనిషి కంతలో లైటు వేసి చూసి, "ఇందులో మా వాళ్ళు పాకలేరు, మేట్. ముందు చోటు చెయ్యండి, అప్పుడు వస్తాం" అని తన వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇల్లు పోతే పోయిందని గౌతమ్ అనుకోలేకపోవడానికి అతని జీవితమే కారణం. తండ్రిది బ్యాంకు ఉద్యోగం. రేపల్లె, వినుకొండ, మాచర్ల అంటూ మూడేళ్ళకోసారి సామాను లారీ ఎక్కేది. ప్రతి ఊళ్ళోనూ ఇంటివారు చెప్పే మొదటి మాట గోడకు మేకు కొట్టవద్దనే. తరువాత హాస్టళ్ళు. ఆ తరువాత ఆక్లండ్‌లో డిప్లొమా చదువు, ఆ ఊరి శివారు పాపకూరలో ఐదుగురితో కలిసి ఒక ఫ్లాట్, రాత్రిపూట డైరీ అని పిలిచే వీధి కొట్టులో పాల సీసాలూ సిగరెట్లూ అమ్మే కొలువు. అక్కడి ఒప్పందంలో కూడా మేకు కొట్టరాదన్న షరతు ఉంది. క్యాలెండరును ఫ్రిజ్ మీద ఆనించి పెట్టుకునేవాళ్ళు. డునెడిన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స పనిముట్లను శుద్ధిచేసే విభాగంలో ఉద్యోగం దొరికాక, పెళ్ళయ్యాక, పాప పుట్టాక ఈ ఇల్లు కొన్నారు. చేతికి వచ్చిన రోజునే అతను హాలులో ఒక మేకు కొట్టాడు. దానికి తగిలించడానికి ఏమీ లేదు. ఆ మేకు మాత్రం ఉంది. అద్దె ఇళ్ళలో పెరిగినవాడు స్వేచ్ఛ అంటే ఏమిటో చెప్పమంటే పుస్తకాల వైపు కాక ఇలాంటి మేకు వైపే చూస్తాడు.

పెసరట్ల వాసనకు కుడి పక్క ఇంటి రజ్నేశ్ కూడా వచ్చాడు. అతను సిటీ బస్సు నడుపుతాడు. ముత్తాత ఏదో ఓడలో తెలుగునాట నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళాడు. పేరు చివర నాయుడూ, నోట్లో వచ్చీరాని తెలుగూ మిగిలాయి. అందులో ఎక్కువ మాటలు తిండికీ తిట్టుకీ సంబంధించినవే కావడం వల్ల మంగాదేవికి అతనంటే మహా ముచ్చట.

"గౌతమ్ భాయ్, నువ్వు పిచ్చి పని చేస్తావు" అన్నాడు రజ్నేశ్, కంచంలోకి చట్నీ వేయించుకుంటూ. "మా ఊరు లంబాసాలో ఇల్లు స్తంభాల మీద పైన పెడతాం. కింద కుక్క పడుకుంటది, కోడి పడుకుంటది, మా తాత కూడా పడుకుంటాడు. మట్టి ఎందుకు తవ్వుతావు? ఇల్లు పైకి ఎత్తు."

"ఎత్తడానికి నీ దగ్గర జాక్ ఉందా?"

"నా దగ్గర ఎక్కడుంది? నా దగ్గర బస్సు ఉంది."

"మరి సాయం చెయ్యి. ఒక పూట తొట్టి లాగు."

రజ్నేశ్ తన పొట్ట వైపు విచారంగా చూసుకున్నాడు. "ఇది దూరదు భాయ్. తలుపులోనే ఇరుక్కుంటాను, అప్పుడు నన్ను కూడా తవ్వాలి" అని ఇంకో అట్టు వేయమన్నాడు.

అసలు చిక్కు తవ్వడంలో లేదు, తవ్విన మట్టిని ఎక్కడ పోయాలన్న దానిలో ఉంది. చెత్త వేసే పెద్ద ఇనుప తొట్టిని అద్దెకు తెప్పిస్తే దింపడానికి చోటు లేక దాన్ని దిగువన వీధిలో వదిలి వెళ్ళారు. అక్కడికి మట్టిని బకెట్లతో, ఇంటి పక్క సందులోంచి, పాచి పట్టిన సిమెంటు మెట్ల మీదుగా మోయాలి. మొదటి రోజు మోశాడు. రెండో రోజు మెట్ల మీద జారి నడుము పట్టేసింది. ఆ సాయంత్రం మంగాదేవి శాలువా కప్పుకుని పెరట్లోకి వచ్చి, సెల్‌ఫోనులో దిక్సూచి చూసి, నాలుగు వైపులా తిరిగి, గంభీరంగా తల పంకించింది.

"అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి. ఇంటికి నైరుతి మూల ఎత్తుగా, బరువుగా ఉండాలి. మీరేమో ఇంటి కింద అంతా పల్లం చేస్తున్నారు. నైరుతిలో తవ్వితే యజమానికి నిలకడ ఉండదండీ. ఆ మూల మాత్రం ముట్టుకోకండి. తీసిన మట్టి కూడా ఎక్కడికో మోయడమెందుకు? ఆ మూలకే గోడవారన పోసెయ్యండి, బరువూ వస్తుంది, ఎత్తూ వస్తుంది."

గౌతమ్‌కు వాస్తు మీద నమ్మకం లేదు. అద్దె ఇళ్ళన్నీ వాస్తు ప్రకారమే కట్టారు, ఒక్కదానిలోనూ నిలకడగా ఉండలేదని వాదించగలడు. కానీ ఆ సాయంత్రం వాదించలేదు. కంత ఉన్నది ఆ మూలకు దగ్గర్లోనే. అక్కడే గుమ్మరిస్తే మెట్లు దిగే పని ఉండదు. పైగా అత్తగారి మాట విన్న పుణ్యం కూడా దక్కుతుంది. "మీ ఇష్టం అత్తయ్యగారూ, మీరన్నట్టే కానిద్దాం" అన్నాడు. ఆమె పొంగిపోయి రాత్రికి గారెలు చేసింది.

అలా నైరుతి మూలలో, ఇంటి చెక్కగోడకు ఆనుకుని, మట్టి గుట్ట మోకాలి ఎత్తయింది, నడుము ఎత్తయింది. గోడ అడుగున గాలి ఆడడానికని ఎప్పుడో పెట్టిన ఇనుప జాలీలు దాని వెనక మాయమయ్యాయి. కొండ ఎగువన పడ్డ వాన ఇంటిని తప్పించుకుని పక్కకు పారడానికి ఉన్న సన్నటి కాలువ కూడా దాని కింద పూడిపోయింది. ఆ రెండింటినీ గౌతమ్ చూడలేదు. చూసి ఉంటే బకెట్లు మోయవలసి వచ్చేది కనుక చూపు అటు పోలేదు.

తెలుగువాడికి నైరుతి అంటే ఋతుపవనం. ఆకాశం వైపు చేతులు జోడించి ఎదురుచూసే వాన. డునెడిన్‌లో నైరుతి అంటే మంచుఖండం వైపు నుంచి వచ్చి ఎముకలను పలకరించే గాలివాన. అది ఆ వారమే వచ్చింది, రాత్రంతా కురిసింది. తెల్లవారి గౌతమ్ కంతలోకి లైటు వేసి చూస్తే, తను ఇన్నాళ్ళూ పొట్ట మీద పాకి తవ్విన గుంట నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటి మీద అక్షయ స్నానపు తొట్టి మెల్లగా తిరుగుతూ తేలుతోంది. గుట్ట దారి మూసేయడంతో, పల్లం కోసం వెతుక్కున్న నీటికి అతను ఎంతో ఓపికగా తవ్విపెట్టిన పల్లమే దొరికింది.

శ్రీజ డ్రెస్సింగ్ గౌనులో వచ్చి, వంగి చూసింది.

"స్విమ్మింగ్ పూల్ కట్టావా?" అంది.

"ఇప్పుడు కాదు శ్రీజా."

"నేను అడిగింది పొడి ఇల్లు, గౌతమ్. నువ్వు తవ్వింది బావి."

"నాన్నా, కెన్ వి గెట్ డక్స్?" అంది వెనక నుంచి అక్షయ, ఎంతో ఆశగా.

"ఆ మట్టి అక్కడ ఎవరు పొయ్యమన్నారు?" అని శ్రీజ అడిగింది. గౌతమ్ నోరు తెరిచాడు. వంటింటి కిటికీలో మంగాదేవి ముఖం కనబడి మూసుకున్నాడు.

కుండకు మట్టి ఉపాదాన కారణమనీ, కుమ్మరి నిమిత్త కారణమనీ తార్కికులు విడదీసి చెబుతారు. ఈ నీటిగుంటకు అత్తగారి నమ్మకమే నిమిత్తమని గౌతమ్ మొదట తనకు తాను తీర్పు చెప్పుకున్నాడు. ఆ తీర్పు ఒక గంటసేపు సుఖంగానే ఉంది. ఆమె మరో దిక్కున, వీధి దాకా మోసి పొయ్యమని ఉంటే వినేవాడా అన్న ప్రశ్న ఎదురయ్యాక ఆ సుఖం నిలవలేదు. ఎదుటివారి మూఢనమ్మకం మన బద్ధకానికి అనుకూలంగా ఉన్నంతవరకూ దానంత సంప్రదాయబద్ధమైన మాట మరొకటి ఉండదు. అతను ఎవరినీ ఏమీ అనకుండా పార తీసుకున్నాడు. ఇందులో గొప్పతనమేమీ లేదు. అనడానికి మొహం చెల్లలేదు, అంతే.

రజ్నేశ్ తమ గుడి కమిటీ వాళ్ళ నీటిపంపు తెచ్చిపెట్టాడు. అది కాసేపు దగ్గి, కాసేపు తోడి, మళ్ళీ దగ్గేది. గౌతమ్ గుట్టను బకెట్లకెత్తి, సందులోంచి, పాచి మెట్ల మీదుగా దిగువకు మోయడం మొదలుపెట్టాడు. పొడిగా ఉన్నప్పుడు మోయనన్న మట్టి ఇప్పుడు నీళ్ళు తాగి రెండింతలు బరువెక్కింది. ఆ రోజు టిఫిను పిలుపు రాలేదు. మధ్యాహ్నానికి మంగాదేవి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కూతురి రబ్బరు బూట్లు తొడుక్కుని, పప్పు నానబెట్టే గిన్నె చేత్తో పట్టుకుని గుట్ట దగ్గరకు వచ్చింది.

"మీరెందుకు అత్తయ్యగారూ! లోపలికి వెళ్ళండి."

"మెట్ల దాకానే లెండి" అని ఆమె గిన్నెతో మట్టి ఎత్తింది. గిన్నెలో ఎంత పడుతుంది? పది మంది గిన్నెలతో మోసినా ఆ గుట్టకు వారం పడుతుంది. అయినా అతను ఆమెను ఆపలేదు. ఆపితే వంట మొదలుపెడుతుందని భయం.

జాలీలు బయటపడ్డాయి. కాలువ మళ్ళీ పారింది. నెలాఖరు దగ్గరపడింది. ఇన్సులేషన్ కంపెనీ పొడవాటి మనిషి మళ్ళీ వచ్చి, కాళ్ళు మాత్రం బయట మిగిలేలా కంతలోకి దూరి, చాలాసేపటికి వెనక్కి పాకి వచ్చాడు.

"నీళ్ళు పోయాయి, బాగుంది. చెమ్మ మీద ప్లాస్టిక్ పరిచేస్తాం, పర్లేదు. కానీ ఆ మూల వదిలేశారేంటి?" అని వేలితో చూపించాడు. అది నైరుతి మూల. "అక్కడ నేలా దూలమూ ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకుంటున్నాయి. ఆ మూల వదిలేస్తే మొత్తం వదిలేసినట్టే, మేట్. గురువారం నాకు ఖాళీ ఉంది. తవ్వితే వేసేస్తాను. లేదంటే ఇక జులైలోనే."

శ్రీజ హామిల్టన్‌కు జవాబు చెప్పవలసినది శుక్రవారం.

వ్యాన్ వెళ్ళాక ముగ్గురూ వంటింట్లో నిలబడ్డారు. గౌతమ్ అత్తగారి వైపు చూడకుండా అన్నాడు: "ఆ మూల తవ్వాలండి. తప్పదు."

మంగాదేవి కిటికీ దగ్గరకు వెళ్ళి బయటకు చూసింది. పొద్దుటి ఎండ, ఉన్న కాస్తా, ఉత్తరపు కిటికీలోంచి వచ్చి ఆమె చేతి మీద పడుతోంది. చాలాసేపు ఆ చేతినే చూసుకుంది.

"ఈ దేశంలో సూర్యుడు ఉత్తరాన నడుస్తున్నాడు కదండీ?"

"అవునండి."

"మనకేమో దక్షిణంగా నడుస్తాడు. అంటే ఇక్కడ ఉత్తరమూ దక్షిణమూ తారుమారయ్యాయన్నమాట. అప్పుడు మన శాస్త్రం చెప్పే నైరుతి ఇక్కడ నైరుతి కాదు."

శ్రీజ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మా, ప్లీజ్."

"ఉండవే. శాస్త్రం చెప్పనీ."

గౌతమ్‌కు ఊరుకుందామనే ఉంది, కానీ ఊరుకోలేకపోయాడు. "తూర్పూ పడమరా మాత్రం మారలేదుగా అత్తయ్యగారూ? ఉత్తర దక్షిణాలు తిప్పేస్తే నైరుతి వెళ్ళి వాయవ్యం అవుతుంది."

"వాయవ్యమా!" ఆమె ముఖం వికసించింది. "ఇంకేం మరి! వాయుదేవుడి మూల. గాలి ఆడాలి, గాలి ఆడాలి అని మీరంతా మొత్తుకుంటున్నది దానికేగా? నిక్షేపంగా తవ్వించండి."

"మరి ఈ ముక్క మట్టి పొయ్యక ముందు చెప్పొచ్చు కదండీ?"

"అప్పుడు తవ్వాల్సిన అవసరం రాలేదు కదా" అంది మంగాదేవి, ఇంత తేలికైన సంగతి అల్లుడికి తట్టనందుకు కాస్త జాలిపడుతూ.

అతనికి వేల ఏళ్ళుగా శాస్త్రాలు ఎలా బతికి బట్టకట్టాయో ఆ క్షణంలో తెలిసింది. తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు. కంతలోకి దూరాడు. మూల దాకా పాకబోతే భుజాలు దూలానికీ నేలకూ మధ్య బిగుసుకుపోయాయి. వెనక్కి రావడానికే ఊపిరంతా ఖర్చయింది. మళ్ళీ పక్కకు తిరిగి ప్రయత్నించాడు, పట్టేసిన నడుము కేక పెట్టింది. బయటకు వచ్చి గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"పట్టడం లేదు" అన్నాడు.

శ్రీజ కాసేపు అతన్నీ, కాసేపు కంతనూ చూసింది. లోపలికి వెళ్ళింది. పాత ట్రాక్ ప్యాంటూ, జుట్టుకు ప్లాస్టిక్ సంచీ, నుదుటికి లైటూ కట్టుకుని వచ్చింది. ముఖం మీద ప్రేమ గానీ త్యాగం గానీ లేవు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన ప్లంబరు ముఖంలో ఉండే విసుగే ఉంది.

"జరుగు."

"నువ్వెందుకు? ఆ మట్టి..."

"జరగమన్నానా!"

ఆమె సన్నగా ఉంటుంది, చేపపిల్లలా దూరిపోయింది. కాసేపటికి లోపలి నుంచి పార శబ్దమూ, మధ్యమధ్య అక్షయ వినకూడని మాటలూ వినబడ్డాయి. తొట్టి నిండినప్పుడల్లా తాడు రెండుసార్లు గుంజేది. గౌతమ్ లాగి, బకెట్లలోకి ఒంపి, దిగువకు మోసుకుపోయేవాడు. ఆ బుధవారమంతా ఆమె ఆసుపత్రికి సెలవు పెట్టింది. అల్లుడు తవ్వినన్నాళ్ళూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్న మంగాదేవి, కూతురు తవ్వుతుంటే మాత్రం "అటు పక్క కూడా గోకవే, ఏదో అన్నట్టు వదిలెయ్యకు" అని పైనుంచి కేకలు వేసింది.

సాయంత్రం శ్రీజ వెనక్కి పాకి బయటకు వచ్చింది. చెంపల మీద మట్టి ఎండి పగుళ్ళిచ్చింది. చేతుల్లో గోళ్ళు విరిగాయి. మోకాళ్ళ మీద కూర్చుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, "నా ఫోన్ ఏదీ?" అంది.

"ఎందుకు?"

"హామిల్టన్ వాళ్ళకి రానని చెప్పాలి."

గౌతమ్ చాలా జాగ్రత్తగా అడిగాడు. "ఇల్లు నచ్చిందా?"

"నచ్చడమా?" ఆమె గొంతు లేచింది. "దీన్ని తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది! ఆ మూలలో పగిలిన కప్పులూ, బొగ్గూ, తుప్పు పట్టిన మంచం స్ప్రింగులూ, ఎవరెవరో నూరేళ్ళుగా పారేసిన చెత్తంతా నేను నా చేతుల్తో తీశాను. ఇంత తవ్వి, రేపొద్దున్న నేలంతా వెచ్చగా అయ్యాక, ఎవడో వచ్చి సాక్సులు కూడా లేకుండా దీని మీద నడుస్తాడా? నేనేమో రోటోటూనాలో కూర్చుని ఫోటోలు చూడాలా? కుదరదు. ఇందులో నా గోళ్ళున్నాయి."

ఇల్లంటే ఇష్టపడి ఉండిపోయేవాళ్ళు కొందరుంటారు. ఒకదాని మీద పడ్డ శ్రమకు కోపం వచ్చి, ఆ కోపాన్ని వదులుకోలేక ఉండిపోయేవాళ్ళే ఎక్కువమంది. రెండో రకం వాళ్ళే ఎక్కువ కాలం ఉంటారేమో. గౌతమ్‌కు అప్పుడు ఆలోచించే ఓపిక లేదు.

"అలా నిలబడ్డావేం?" అంది శ్రీజ. "తొట్టి లోపలే ఉంది. ఆఖరిది, లాగు."

అతను లాగాడు. బకెట్లు రెండు చేతులా పట్టుకుని, సందులోంచి, మెట్ల మీదుగా, పాచి చూసి అడుగు వేస్తూ వీధిలోకి దిగాడు. ఇనుప తొట్టి అంచుదాకా నిండి ఉంది. ఎడమ పక్క ఫ్లాట్ పిల్లలు అందులో ఒక పాత సోఫా కూడా పడేసి వెళ్ళారు.